గల్లీ నడుమ గీత

కొత్త డివిజన్ హద్దులు బయటికొచ్చిన రోజు సున్నంబట్టి గల్లీలో ఎంత రభస జరిగిందో పోయిన వారం చూశాం. అమీర్‌పేటలో కొంత, పంజగుట్టలో కొంత కోసి, బల్కంపేట వెనకున్న బస్తీలను కలిపి, నగరంలో కొత్తగా ఒక డివిజన్ పుట్టించారు. అది మహిళకే రిజర్వవుతుందని ముందునుంచీ గుప్పుమంది, అలాగే అయింది. పార్టీ టికెట్ భూలక్ష్మికి కాక ఇంకెవరికి వస్తుందని గల్లీ మొత్తం అనుకుంది. పాత కార్పొరేటర్ రాజనర్సయ్య వెనక ఏళ్ల తరబడి జెండా మోసింది ఆమె, ఆమె భర్త హనుమాండ్లూ. కానీ తుది పటంలో హద్దు గీత వాళ్ల గల్లీ నడుమ నుంచి పోయింది. తూర్పు వైపు ఇళ్లు కొత్త డివిజన్‌లోకి, పడమటి వైపు ఇళ్లు బోరబండ వైపు డివిజన్‌లోకి. భూలక్ష్మి ఇల్లు పడమర. ఆమె మాట మీద నిలబడే జనమంతా పడమరే.

"నీ సొంత మనుషుల ఓట్లే లేవు, ఇగ నిన్నేం జూసి నిలబెట్టాలె చెల్లె?" అని రాజనర్సయ్య తన కోడలు సుమశ్రీ పేరు ప్రకటించేశాడు. గీత జరిపించింది అవతలి పార్టీ బుచ్చిబాబేనని చెప్పాడు. పక్కనే ఉన్న హనుమాండ్లు అవునంటే అవునన్నాడు.

ఆ కోపం కడుపులో పెట్టుకునే భూలక్ష్మి పంజగుట్టలో బుచ్చిబాబు ఆఫీసు మెట్లెక్కింది.

కింద లేడీస్ హాస్టల్, పైన ఆఫీసు. గాజు తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి "ఎవరు కావాలండీ?" అని లేచేలోపే ఆమె లోపలికి పోయింది. బుచ్చిబాబు స్టీలు గ్లాసులో కాఫీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి, అద్దె గదుల్లో నలుగురమ్మాయిలతో హాస్టల్ మొదలుపెట్టి, ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా తన బోర్డే కనిపించేంత ఎదిగాడు. గోడకు ఆనించిన ఫ్లెక్సీలో అతని కూతురు శ్రీలేఖ రెండు చేతులూ జోడించి నవ్వుతోంది. కొత్త డివిజన్‌కు వాళ్ల పార్టీ అభ్యర్థి ఆమే.

"కర్రీ పాయింట్ భూలక్ష్మి కదూ," అన్నాడు బుచ్చిబాబు. కూర్చోమనలేదు.

"ఎరుకనే ఉన్నదన్నట్టు. గల్లీని నడిమికి గోసి నిమ్మళంగ కాఫీ తాగుతున్నవు సారూ."

"ఏంటమ్మా ఆ మాటలు? ముందు గొంతు తగ్గించు."

"ఎందుకు తగ్గియ్యాలె? పోయిన వానకాలం నాలా పొంగి మా ఇండ్లల్ల నీళ్లు జొచ్చినయి. బియ్యం, బట్టలు, పోరగాండ్ల పుస్తకాలు, అన్నీ మోరి నీళ్లల్ల కొట్టుకపోయినయి. ఆఫీసుల పొంట తిరిగి తిరిగి నాలాకు గోడ శాంక్షన్ చేపిచ్చిన. ఇప్పుడు నాలా ఒక డివిజన్ల, మా ఇండ్లు ఒక డివిజన్ల. ఆళ్లనడిగితే మా నాలా కాదంటరు, ఈళ్లనడిగితే మా ఇండ్లు కాదంటరు. గా గోడ ఎవలు గడుతరు? నీ బిడ్డ గడ్తదా?"

బుచ్చిబాబు గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతనికి కోపం రాలేదు. అదే ఆమెను ఇంకా మండించింది.

"కాస్త ఆలోచించి మాట్లాడు. మీ పడమటి వైపు ఓట్లు మాకు ఏనాడైనా పడ్డాయా? పోతే పోయాయి, పీడ వదిలిందని సంతోషించాను. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ పొమ్మన్నది నేను కాదు. ఆ ఆలోచన నాకు ముందే వచ్చుంటే నేనే పొమ్మనేవాణ్ణి."

"మరి ఎవలన్నరు?"

"అభ్యంతరాలు వింటామని లక్డీకాపూల్‌లో మీటింగు పెట్టారు. మా కాలనీ చీలిపోతోందని చెప్పుకోవడానికి నేనూ వెళ్లాను. నా మాట వాళ్లు వినిపించుకోలేదు, అది వేరే సంగతి. నా కంటే ముందు ఒకాయన లేచాడు. మీ గల్లీ గురించే మాట్లాడాడు."

"ఎవలాయన?"

బుచ్చిబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ మాట చెప్పే అవకాశం కోసం అతను కొన్నాళ్లుగా ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"కూర్చుంటే మంచిదేమో."

"చెప్పు."

"మీ ఆయన."

భూలక్ష్మికి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. "అబద్ధమాడినా జర అతికేటట్టు ఆడాలె సారూ. నా మొగడు నీ మీద పండ్లు గొరుకుతుండు. మొన్న మీ ఫ్లెక్సీ జింపింది సుత ఆయననే."

"చింపాడు, తెలుసు. ఎందుకు చింపాడో ఇప్పుడు నీకూ తెలుస్తుంది." బుచ్చిబాబు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ కట్టుకుని, తల కాస్త పక్కకు వాల్చి, తన గొంతును అవతలి మనిషి గొంతులోకి మార్చాడు. "'సార్, మాది సున్నంబట్టి గల్లీ. గీ పడమటి పక్కనున్నోళ్లందరు బోరబండకెళ్లి వచ్చినోళ్లే. సుట్టాలు గాడనే, పని గాడనే. మమ్ముల గాడనే కలుపుండ్రి. గల్లీల ఒక్కలు సుత కాదనరు. అంతె గద సార్? అంతె గద?'"

భూలక్ష్మి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

మాటలు ఎవరైనా కల్పించవచ్చు. కానీ ఆ చివరి మాటను అలా రెండుసార్లు అనడం, రెండోసారి గొంతు తగ్గించి అనడం, అది బుచ్చిబాబుకు తెలిసే అవకాశం లేదు. ఆమెతో కాపురం చేస్తున్న మనిషి, ఒప్పుకోవాలో లేదో అవతలివాళ్లకే తెలియని చోట, వాళ్లచేత ఒప్పించుకోవడానికి వాడే మాట అది. పెళ్లిచూపుల నాడు ఆమె తండ్రితో కూడా అదే అన్నాడు.

లక్డీకాపూల్ దవాఖానలో పాత దోస్తు ఉన్నాడని, చూసొస్తానని, ఒకనాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయాడు హనుమాండ్లు. తిరిగొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాడు. ఎండదెబ్బ తగిలిందనుకుని ఆమె మజ్జిగ కలిపి తాగించింది. దోస్తు ఎట్లున్నడని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాపం, బాగాలేడు కాబోలని ఆమె మళ్లీ అడగలేదు.

బుచ్చిబాబు ఆమె ముఖం చూసి తన మాట తగలాల్సిన చోట తగిలిందని గ్రహించాడు. అప్పుడు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఇప్పుడు పని మాట విను. రేపటితో నామినేషన్లు ఆఖరు. ఇండిపెండెంటుగా వెయ్యి. నగరంలో నీకు ఎక్కడ ఓటున్నా ఇక్కడ నిలబడొచ్చు. కాకపోతే నీ కాగితం మీద కొత్త డివిజన్ ఓటరొకరు సంతకం పెట్టాలి. రాజనర్సయ్యకు భయపడి మీ గల్లీలో ఎవరూ పెట్టరు. మా వాళ్లచేత నేను పెట్టిస్తాను."

"నీకేం ఫాయిదా?"

"నువ్వు లాక్కునే ప్రతి ఓటూ రాజనర్సయ్య సంచిలోదే. దాచడానికేముంది?"

భూలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా మొగడు నన్ను అమ్ముకున్నడని జెప్పి, గదే నోటితోని నన్ను కొంటనంటున్నవు. నీ మనిషి సంతకం మీద నేను నిలబడ సారూ. నర్సన్న కోడలు ఓడిపోవాలె, నీ బిడ్డ సుత ఓడిపోవాలె. గప్పుడే నాకు నిద్రవడ్తది."

ఫ్లెక్సీలో కూతురు నవ్వుతూనే ఉంది కానీ, తండ్రి ముఖం బిగుసుకుంది.

"నీ పొగరు చూస్తుంటే మీ ఆయన చేసింది సబబేననిపిస్తోంది. వెళ్లు."

ఆమె మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. ఆటో ఎక్కాలని తోచలేదు. పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో నీడలో నడిచింది. కోచింగ్ సెంటర్ల వాళ్లు చేతిలో కుక్కబోయిన పాంప్లెట్లు అందుకుంటూనే నడిచింది. ఎండ మండుతోంది. తోసుకుంటూ పోయే పిల్లల మధ్య ఆమెకు ఒక్కటే ఆలోచన: నాలా పొంగిన రోజు ఛాతీ లోతు నీళ్లలో నిలబడి ఇంటింటి పిల్లల్నీ భుజాల మీద దాటించింది హనుమాండ్లే. తలకు తగిలిన దెబ్బ నుంచి రక్తం కారుతున్నా గట్టెక్కనన్నాడు. ఆ రోజు అతణ్ణి చూసి, ఈ జన్మకు ఇది చాలనుకుంది. ఆ మనిషి, ఆ ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషీ ఒక్కడేనా?

కర్రీ పాయింట్ దగ్గర మధ్యాహ్నం గిరాకీ పలచబడింది. హనుమాండ్లు స్టూలు మీద కూర్చుని సాంబారు కవర్లకు రబ్బరు బ్యాండ్లు బిగిస్తున్నాడు. పప్పు కోసం నిలబడ్డ ఇద్దరు హాస్టల్ పిల్లలకు భూలక్ష్మి తనే కట్టిచ్చి పంపేసింది. తర్వాత షట్టర్ సగం కిందికి లాగింది.

"ఏందే? ఇంక బేరముండె గద," అన్నాడు అతను.

"లక్డీకాపూల్ల నీకేం పనివడ్డది?"

రబ్బరు బ్యాండు అతని వేళ్ల నుంచి జారి గిన్నెలో పడింది.

"ఎప్పుడు?"

"ఇస్త్రీ అంగి దొడుక్కొని పోయిన దినం."

"చెప్పిన గద. దోస్తు..."

"ఏ దోస్తు? ఆయన పేరు జెప్పు. ఇప్పుడే పోదాం, పండ్లు గొనుక్కొని పోదాం."

హనుమాండ్లు గిన్నెలో చెయ్యి పెట్టి రబ్బరు బ్యాండును వెతికాడు. దొరికినా బయటికి తియ్యలేదు.

"గా తెనాలాయన చెప్పిండా?"

భూలక్ష్మి అక్కడే చతికిలబడింది. దారంతా ఆమె లోపల ఎక్కడో ఒక మూల, ఇదంతా అబద్ధమని అతను కొట్టిపారేస్తాడని, ఆ ముసలాణ్ణి బూతులు తిడతాడని, తను కూడా కలిసి తిట్టి అన్నం తింటానని ఆశపడింది. ఆ ఆశ ఇప్పుడు పోయింది.

"ఎందుకు జేసినవ్?"

"అన్న జెప్పిండు, నేను నిలబడ్డ. ఆయన జెప్తే ఎన్ని జెయ్యలే మనం? అంతె గద."

"నన్ను ఒప్పియ్యకు. నేను ఆఫీసరును గాను. ఎందుకు జేసినవ్?"

"కో-ఆప్షన్ మెంబరు ఇస్తనన్నడు. ఎలక్షను లేకుంట కౌన్సిల్ల కూసోవచ్చు. నా పేరు సుత బోర్డు మీద ఉంటది."

"నాకు జెప్తే వద్దంటుంటినా? నువ్వు గూసో, నేను గూసోనని అంటుంటి. అడిగినవా?"

అతను తలెత్తి చూశాడు. అప్పటిదాకా దొంగలా ఉన్న చూపు మారిపోయింది. లోపల చాలా కాలంగా మూతపెట్టి ఉంచిందేదో పైకొచ్చింది.

"నిన్నడగాలె. గదే గద. ఇప్పటిసంది అన్నీ నిన్నడగాలె. పొద్దుగాల లేస్తే నీ ముంగట జనం. 'అక్కా నల్లా వస్తలేదు, అక్కా పింఛను వస్తలేదు.' కుర్సీ నీది, కారు నీది. నేనెక్కడ నిలబడాలె? నీ చెప్పులకాడనా? నా జవానీ అంత నర్సన్న వెనక నిలబడ్డ. ఇగ మిగిలిన బతుకు నా పెండ్లాం వెనక నిలబడాల్నా? గల్లీల నన్నేమంటరు? భూలక్ష్మి మొగడంటరు."

"నర్సన్న వెనక నిలబడనీకె సిగ్గు గాలే. నా వెనక నిలబడనీకె సిగ్గయిందా?"

అతను గిన్నెను పక్కకు నెట్టాడు.

"నేను ఓడిపోదునేమో. గప్పుడే జూస్తుంటివి గద."

"ఓడిపోయేదానివైతే నేనే నిలబెడ్తుంటి," అన్నాడు హనుమాండ్లు. "నువ్వు గెలుస్తవ్. గది నాకెరుకె. అన్నకు సుత ఎరుకె. అందుకే."

షట్టర్ కింద నుంచి ఎవరిదో చెయ్యి లోపలికొచ్చి తట్టింది. "ఆంటీ, సాంబార్ ఉందా?" ఆ చెయ్యి కాసేపుండి వెళ్లిపోయింది.

తనను మెచ్చుకుంటూ అతను అన్న మొదటి మాట అదేనని భూలక్ష్మికి తట్టింది. ఇన్నేళ్లలో వంట బాగుందని కూడా అనని మనిషి. ఏడుపు రాలేదు. ఏడిస్తే అతనికి తేలికైపోతుంది.

"గోడ సంగతేంది?" అని అడిగింది.

"ఎవలొకలు గడ్తరు తియ్."

"వానకాలం లోపల?"

"నాకేం ఎరుక?"

"పోరగాండ్లను భుజాల మీద మోసినవు. వచ్చే వానకు మళ్ల మోస్తవా? ఏ మొఖం బెట్టుకొని మోస్తవు?"

అతను విసురుగా లేచాడు. స్టూలు పడిపోయింది. "ఇగ చాలు. అయ్యిందేదో అయ్యింది. సప్పుడు జేయకుంట ఇంట్ల ఉండు."

"రేపు నామినేషన్ ఏస్త."

"ఎవడు పెడ్తడు సంతకం? తూర్పు పక్క ఒక్క తలుపు దెరవదు. ఇప్పుడే అన్నకు ఫోన్ గొడ్త."

"కొట్టు. స్పీకర్ల పెట్టు, నేను సుత ఇంట."

అతను నిజంగానే కొట్టాడు. రాజనర్సయ్య గొంతు చుట్టూ పది మంది మాట్లాడుకుంటున్న చప్పుడుతో కలిసి వచ్చింది. లక్డీకాపూల్ సంగతి బయటపడిందని, ఆమె నామినేషన్ వేస్తానంటోందని హనుమాండ్లు చెబితే విన్నాడు. తర్వాత నవ్వాడు.

"చెల్లె, గిట్ల పోరిలెక్క జేస్తె ఎట్ల? పార్టీలో ఉన్నంక..."

"నన్ను చెల్లె అనకు," అంది భూలక్ష్మి. "రాఖీ కట్టిన చేతితోనే జెప్తున్న. ఇగ అనకు."

అవతల గొంతు చల్లబడింది. "సరే. భూలక్ష్మీ అనే అంట. విను భూలక్ష్మీ. నీ కాగితం మీద నా డివిజన్ల ఎవడన్న సంతకం బెడితే, వాడు నాకు జవాబు జెప్పాలె. గది వాళ్లకు ఎరుకె. నువ్వు తిరిగి జూడు."

ఆమె తిరిగింది. మర్నాడు తెల్లవారగానే కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గల్లీ దాటి తూర్పు వైపు ఇళ్లకు పోయింది. దాటడమంటే ఎంత, నాలుగు అంగల దూరం. ఆ ఇళ్ల పెళ్లిళ్లకు ఆమె వండింది, ఆ ఇళ్ల చావులకు ఆమె నీళ్లు పోసింది. ఒక ఇంట్లో తలుపు తీసి, ఆమెను చూసి, మగవాళ్లు లేరన్నారు. లోపల మగగొంతు దగ్గింది. ఇంకో ఇంట్లో ఓటరు కార్డు పోయిందన్నారు. మూడో ఇంట్లో టీవీ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది, ఎంత తట్టినా తలుపు తెరుచుకోలేదు.

సత్తెమ్మ మాత్రం తలుపు తీసింది. నాలా పొంగినప్పుడు మంచంతో సహా ఆమెను మిద్దె మీదికి ఎక్కించింది భూలక్ష్మే.

"నా కొడుక్కు నర్సన్ననే నౌకరి వెట్టిచ్చిండు బిడ్డా," అంది సత్తెమ్మ, తలుపు మూయకుండా, పూర్తిగా తెరవకుండా. "పర్మినెంటు గాదు. రేపు పొమ్మంటే పోవాలె. నా ఏలు గోసిస్త గని, సంతకం బెట్ట. నన్ను తిట్టు."

భూలక్ష్మి తిట్టలేదు. తిడితే బాగుండేదేమోనన్నట్టు ముసలామె అక్కడే నిలబడిపోయింది.

ఎండ ముదిరేసరికి గల్లీ మొదట్లో డప్పులు మోగాయి. సుమశ్రీ నామినేషన్ ఊరేగింపు అది. బల్కంపేట ఎల్లమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టి, బస్తీలన్నీ చుట్టి పోతున్నారు. ఆ దారిలో ఈ గల్లీ రాదు. పనిగట్టుకుని తిప్పుకొచ్చారు. ముందు కండువాల గుంపు, వెనక రెండు కార్లు. మొదటి కారు పక్కన రాజనర్సయ్య, అతని కొడుకు రిషి, వాళ్ల మధ్య మెడ నిండా దండలతో సుమశ్రీ నడుస్తున్నారు. రెండో కారు నడుపుతున్నది హనుమాండ్లు.

భూలక్ష్మి గల్లీ మధ్య నుంచి జరగలేదు. డప్పులు ఆగాయి.

"దొరికిండ్రా ఎవలన్న?" అన్నాడు రాజనర్సయ్య. గల్లీ అంతా వినబడేలా అన్నాడు. అతను తూర్పు ఇళ్ల వైపు తిరిగాడు. "ఏం సత్తెమ్మా? భూలక్ష్మి కాగితానికి సంతకం గావాల్నట. ఎవలన్న ఉన్నరా? బయటికి రాండ్రి, నేనేమన్న."

ఒక్క తలుపూ కదల్లేదు. కండువాల గుంపులో ఎవరో ఈలవేశారు. భూలక్ష్మి చేతిలోని ప్లాస్టిక్ కవరు చెమటకు జారిపోతోంది. అందరి ముందూ ఇలా నిలబెట్టడానికే ఊరేగింపును ఇటు తిప్పాడని ఆమెకు అర్థమైంది. జరిగి దారిచ్చేస్తే అయిపోతుంది. జరగడానికి కాళ్లు రాలేదు.

"నా ఓటు ఈ డివిజన్‌లోనే ఉంది," అన్నది ఎవరో.

మొదట ఎవరికీ ఆ గొంతు ఎవరిదో తెలియలేదు. ప్రచారం మొదలైనప్పటి నుంచీ ఆమె మైకులో చదివిన రెండు వాక్యాలు తప్ప ఆ గొంతును ఎవరూ వినలేదు.

"నేను పెడతాను సంతకం," అంది సుమశ్రీ. మెడలో దండలు ఒక్కొక్కటే తీసి కారు మీద పెడుతోంది.

రిషి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "సుమా, పరేషాన్ జెయ్యకు. కారెక్కు."

"వదులు రిషీ." ఆమె మోచెయ్యి విడిపించుకుంది. "నేను పోటీ చేస్తున్నానని నాకెలా తెలిసింది మామయ్యా? గోడ మీద ఫ్లెక్సీ చూసి. నా ఉద్యోగం పోయిందని ఎలా తెలిసింది? నా పేరు మీద మీరు పంపించిన రాజీనామా అందిందని ఆఫీసు నుంచి ఫోనొస్తే. నన్ను ఒక్కళ్లయినా అడిగారా? నిన్నటిదాకా గీత బుచ్చిబాబు గారే గీయించారని నేనూ మైకులో చదివాను. నిన్న ఫోనులో మీరూ హనుమాండ్లు గారూ మాట్లాడుకుంటుంటే నేను అక్కడే ఉన్నాను. ఆవిడ ఇంటిని ఆవిడ భర్త చేతే కోయించి, అందులో నన్ను నిలబెడుతున్నారు."

గల్లీలో గుసగుస పుట్టింది. పడమటి వైపు ఇళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. వాళ్లు సుమశ్రీని కాదు, రెండో కారులో ఉన్న హనుమాండ్లును చూశారు.

రాజనర్సయ్య నవ్వు చెరగలేదు. కోడలి దగ్గరికొచ్చి మెల్లగా, దగ్గరున్నవాళ్లకు మాత్రమే వినబడేలా అన్నాడు. "పెట్టు బిడ్డా. పెట్టి సూడు. పెట్టినంక గా కార్ల మాత్రం ఎక్కకు. మా గడప సుత తొక్కకు."

సుమశ్రీ రిషి వైపు చూసింది. అతను ఏదో అనడానికి నోరు తెరిచి, తండ్రిని చూసి మూసేశాడు. ఆ ఒక్క చూపులో ఆమె కాపురం సంగతి ఆమెకు తేలిపోయినట్టు భూలక్ష్మికి కనబడింది. "వద్దు తల్లీ," అనబోయింది. నా గోడ కోసం నీ ఇల్లు కూలగొట్టుకోకు అని చెప్పాలనుకుంది. కానీ ఆ పిల్ల అప్పటికే చెయ్యి చాపింది.

"పెన్నివ్వండి."

కాగితాన్ని కారు బానెట్ మీద పరిచారు. ఎండకు కాలుతున్న ఇనుము మీద అరచెయ్యి ఆనించి సుమశ్రీ సంతకం పెట్టింది. పేరు మొత్తం, ఒక్కో అక్షరం విడిగా, బడిపిల్లలా రాసింది.

రాజనర్సయ్య ఒక్క క్షణం ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత మొదటి కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. రిషి అటువైపు నుంచి ఎక్కాడు. రెండో కారు గోడవారకు జరిగి దారిస్తే, ఆ కారు వెనక్కి పోయి, మలుపు తిరిగి వెళ్లిపోయింది. కండువాల గుంపు దాని వెనకే పరుగెత్తింది.

రెండో కారు పోలేదు. అద్దం దించి తల బయటపెట్టి హనుమాండ్లు ఫోనులో ఏదో విన్నాడు. "అట్లనే అన్న," అన్నాడు. బండిని వెనక్కి తీసి, గల్లీ మొదట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా నిలబెట్టాడు. మనిషి పక్కకు తిరిగినా దూరే సందు లేదు. గల్లీకి అటు చివర నాలా. బయటికి దారి ఇదొక్కటే. మధ్యాహ్నం మూడు గంటలు దాటితే నామినేషన్ తీసుకోరు.

భూలక్ష్మి కారు దాకా నడిచి బానెట్ మీద చెయ్యి వేసింది. సుమశ్రీ ఆమె వెనకే వచ్చి నిలబడింది.

"బండి తియ్," అంది భూలక్ష్మి.

హనుమాండ్లు ఆమె వైపు చూడలేదు. ఇంజను బంద్ చేసి, తాళంచెవి తీసి అంగీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు పడమటి వైపు తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు బయటికొచ్చారు. ఒకామె చేతికి పిండి అంటుకుని ఉంది, ఇంకొకామె తడి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే కారు పొడవునా నిలబడి, దాని మీద చేతులు వేశారు.

కారు ఒకసారి అటూ ఇటూ ఊగింది.

లోపల హనుమాండ్లు అద్దాన్ని పైకెక్కించబోయాడు. తాళంచెవి జేబులో ఉంది, అద్దం కదల్లేదు.